కొండపి నుంచి ఒక చెక్కు

కింద రేకుల షెడ్డులో సువార్తమ్మ ఆకు గ్రేడు చేస్తోంది.
పైన గదిలో నేను
ఆర్నెల్లు రాసిన బ్యారన్ లెక్కల అప్లికేషన్ని
ప్యాకేజీ కడుతున్నా.
ఆమె చేతుల నిండా బంక.
నా కళ్ల నిండా ఇసక.
నడుంనొప్పి మాత్రం ఇద్దరిదీ ఒకటే.

రాయడంతో పని అయిపోయిందనుకున్నా.
కట్టడం ఇంకో పంటని తెలిసేసరికి
ఎండలు ముదిరాయి.

పేరు రాయాలి. వెర్షను రాయాలి: సున్నా చుక్క ఒకటి.
ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పాలి:
పుల్లలెన్ని కాలాయి, ఆకెంత దిగింది, మిగిలిందెంత.
మిగిలిందెంత అన్నది కొట్టేసి
మళ్లీ రాశా.

దాని వెనకాల ఏమేం రావాలో కూడా రాయాలి.
నా మిషన్లో ఎప్పుడో ఎందుకో వేసుకున్న లైబ్రరీలు
అడక్కుండానే తలో చెయ్యి వేశాయి,
పెళ్లిపందిట్లో పక్కింటోళ్లలాగా.
పేర్లు చెప్పమంటే నాకు ఒక్కటీ రాదు.

ఏమీ లేని మిషన్ మీద వేసి చూశా.
మూడక్షరాల పొగాకు ఆరు ఖాళీ డబ్బాలైంది.
ఒత్వానికో డబ్బా, దీర్ఘానికో డబ్బా,
కొమ్ముకి కూడా ఒకటి.
ఫాంటు పేరు జాబితాలో చేర్చా.

రెండోసారి అసలు తెరుచుకోలేదు.
రాతలో ఎక్కడో మా ఇంటి దారి ఇరుక్కుంది:
హోమ్, దాని కింద వినోదిని, దాని కింద కొండపి.
ఎవరి మిషన్లో కూర్చోబెట్టినా
అది నా గది గడప కోసమే తడుముకుంటోంది.

మూడోసారి, తిప్పి పంపారు.
చూసే మనిషి ఎవరో, ఏ ఊరో.
మర్యాదగానే రాశారు:
పరీక్షకు పెట్టిన ఫైలు ఒకటి లోపలే ఉంది,
మనుషుల పేర్లలా ఉన్నాయి, కావాలనే పెట్టారా?

విప్పి చూశా.
దద్దాల తిరపతయ్య పోయినేటి ఖాతా.
పదకొండు చెక్కులు, రెండు నో బిడ్.
షావుకారు దగ్గర తెచ్చింది, కట్టింది, కట్టనిది.
చివర్లో నేనే టైపు చేసిన ముక్క:
గాజులు కుదవ పెట్టాడు, ఇంట్లో చెప్పొద్దన్నాడు.

వేలం ఫ్లోరు మీద ఇన్‌స్పెక్టరు
చెక్కు కడుపులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి
లోపలాకు బయటికి లాగుతాడు.
పైన పండాకు పరిచి నడుమ పచ్చాకు దాచినోడి మొహం
అప్పుడు చూడాలి.
నేను దాచలేదు. మర్చిపోయా, అంతే.
మొహం మాత్రం అదే.

సువార్తమ్మతో చెప్పా, పేరు చెప్పకుండా.
"విప్పు మే. తీసెయ్. మళ్లీ తొక్కు.
ఎన్ని చెక్కులు విప్పలా మేం?"

తిరపతయ్య చోట ఒక రైతుని కల్పించా.
చెక్కులు ఏడు. నో బిడ్ లేదు.
అప్పు దగ్గర సున్నా వేస్తుంటే
ఎక్కడా లేని ఆ మనిషి మీద
కాసేపు కుళ్లు పుట్టింది.

నిన్న తీసుకున్నారు:
సున్నా చుక్క ఒకటి, గీత, రెండు.
ఆ రెండు ఎందుకొచ్చిందో
ఇద్దరికే తెలుసు, నాకూ ఆ చూసిన మనిషికీ.

"ఎంతకి పోయింది?" అంది సువార్తమ్మ.
ఊరికేనమ్మా. ఒక్క లైను కొడితే ఎవరికైనా వస్తుంది.
ఆమె చేతిలో ఆకు ఆగింది.
"ఊరికే ఇచ్చేదానికి కూడా
లోపల చెయ్యి పెట్టి చూశారా?"
చూశారు.
"అట్టయితే మంచోళ్లే" అంటా
అరచేతులకి మట్టి రుద్దుకుంటా లేచింది.

ఇనప మెట్ల మీద చెప్పుల చప్పుడు.
తిరపతయ్య వస్తున్నాడు,
ఈ ఏటి లెక్క రాయించుకోడానికి.